ఉప్పు గని, పద్నాలుగు మైళ్ల రైలు

పట్టాల చరిత్ర: పదకొండో భాగం

పోయిన వారం కథను 1970 జూన్ దగ్గర ఆపాం. ఆ నెల 21న పెన్ సెంట్రల్ రైల్వే దివాలా తీసింది. అంత పెద్ద కంపెనీ కూలడం అమెరికా అంతకుముందు చూడలేదు. మూడు రోజులకే లీహై వ్యాలీ రైల్వే కూడా కోర్టు మెట్లెక్కింది. 1972లో ఆగ్నెస్ తుపాను వరదకు లైన్లు కొట్టుకుపోయాక ఈరీ లాకవానా చేతులెత్తేసింది. చివరికి 1976 ఏప్రిల్ 1న ఫెడరల్ ప్రభుత్వం ఈ దివాలా కంపెనీలను ఒకచోట చేర్చి కాన్‌రైల్‌ను నిలబెట్టింది. రైల్వే చరిత్రలు చాలావరకు ఇక్కడినుంచి మెయిన్ లైను పట్టుకుని వెళ్లిపోతాయి. ఈ వారం మనం బ్రాంచి లైనులోకి మళ్లుదాం. కాన్‌రైల్ లెక్కలు చూసి ‘ఇది మాకొద్దు’ అని పక్కకు నెట్టిన పట్టాల సంగతి అది.

ముందు మన పాఠకులకు ఒక తేడా చెప్పాలి. మన దగ్గర బ్రాంచి లైనుకు వచ్చే నష్టం మొత్తం రైల్వే పద్దులో కలిసిపోతుంది. బొబ్బిలి నుంచి సాలూరుకు రైలు బస్సు నడిచినన్నాళ్లూ దాని టికెట్ల సొమ్ముతోనే ఆ లైను బతకాలన్న నియమం లేదు. అమెరికాలో పట్టాలు, వంతెనలు, పట్టాల కింది నేల అన్నీ ప్రైవేటు కంపెనీవే. ఆ ఆస్తికి కంపెనీయే పన్ను కట్టుకోవాలి. పక్కనే లారీ వెళ్లే రోడ్డు మాత్రం ప్రభుత్వం వేసినది. వారానికి రెండు వ్యాగన్ల దాణా, ఎరువుల కాలంలో మరో నాలుగు వ్యాగన్లు వచ్చే లైనుకు స్లీపర్లు ఎవరు మారుస్తారు? ఎవరూ మార్చలేదు. రైలు గంటకు పది మైళ్లు నడిచే స్థితికి వచ్చేది. సరుకు ఆలస్యమయ్యేది. దాణా మిల్లువాడు లారీ మాట్లాడుకునేవాడు. అప్పుడు కంపెనీ ‘గిరాకీ లేదు, లైను మూసేస్తాం’ అని వాషింగ్టన్‌కు అర్జీ పెట్టేది. అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ విచారణలు ఏళ్లు పట్టేవి. లైను చావడానికి కూడా అనుమతి కావలసిన రోజులవి.

ఈ కథను చెప్పడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని లివింగ్‌స్టన్ కౌంటీ కంటే మంచి చోటు నాకు దొరకలేదు. ఆంటారియో సరస్సు ఒడ్డున ఉన్న రాచెస్టర్ నగరానికి దక్షిణాన, జెనెసీ నది లోయలో ఉంటుంది. కొద్ది మైళ్ల దూరంలో రెండు చిన్న రైల్వేలు ఇక్కడే పుట్టాయి. ఒకటి మూడు ఖండాలకు పాకి, చివరికి పెట్టుబడి సంస్థల చేతుల్లో పడింది. రెండోది ఈనాటికీ ఊరి రైల్వేగానే ఉంది. మొదటిదాని పేరు జెనెసీ అండ్ వయోమింగ్.

దాని పుట్టుక ఉప్పులోంచి. రెట్‌సాఫ్ అనే చిన్న ఊరి కింద, వెయ్యి అడుగుల లోతున, కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన సముద్రం వదిలిన ఉప్పు పొర ఉంది. 1885లో అక్కడ గని తవ్వకం మొదలైంది. ఉప్పు వ్యాపారి ఎడ్వర్డ్ ఫుల్లర్ 1899లో, అప్పుల్లో మునిగిన ఒక చిన్న రైల్వేను చేజిక్కించుకుని దానికి కొత్త కంపెనీ పెట్టాడు. లైను పొడవు 14 మైళ్లు. గని నుంచి ఉప్పు వ్యాగన్లను పెద్ద రైల్వేల జంక్షన్ల దాకా లాగడం, ఖాళీ వ్యాగన్లను వెనక్కి తేవడం దాని పని.

అయితే ఆ 14 మైళ్లను తక్కువ అంచనా వేయకూడదు. ఆ కాస్త దూరంలోనే అది న్యూయార్క్ సెంట్రల్‌నూ, ఈరీనీ, లీహై వ్యాలీనీ, లాకవానానూ, బఫెలో–రాచెస్టర్–పిట్స్‌బర్గ్ రైల్వేనూ తాకేది. ఐదుగురు పొరుగువాళ్లు. ఉప్పును బోస్టన్‌కు పంపాలన్నా, పిట్స్‌బర్గ్‌కు పంపాలన్నా ఎవరికి అప్పగించాలో చిన్న రైల్వే చేతిలో ఉండేది. ఒకడు వ్యాగన్లు సరిగా ఇవ్వకపోతే ఇంకొకడి గుమ్మం ఎక్కవచ్చు. చిన్న రైల్వే బలం దాని పొడవులో ఉండదు, దాని జంక్షన్లలో ఉంటుంది. ఈ వారం కథంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది కనుక దీన్ని గుర్తుపెట్టుకోండి.

రెండో రైల్వే పుట్టింది చాలా ఆలస్యంగా, 1964లో. లేక్‌విల్ ఊరికి వచ్చే బ్రాంచిని ఈరీ లాకవానా వదిలేస్తామంది. ఆ లైను మీద బతికే మిల్లులవాళ్లూ ఊరివాళ్లూ చందాలు వేసుకున్నట్టు వాటాలు కొని లైనును నిలుపుకున్నారు. లివోనియా, ఏవన్ అండ్ లేక్‌విల్ అని మూడు ఊళ్ల పేర్లు కలిపి దానికి పెట్టారు. సరుకుతో వచ్చేది చాలక సెలవు రోజుల్లో ఆవిరి ఇంజను తగిలించి పిల్లాపెద్దలకు విహారయాత్రలు నడిపారు. రైలు కంపెనీ అన్నాక ఇలాంటి పని చిన్నతనం అని పెద్ద రైల్వేల పెద్దమనుషులు నవ్వుకునే ఉంటారు. ఆ పెద్ద రైల్వేలు పదేళ్లు తిరక్కుండా దివాలా తీశాయి. ఇది మిగిలింది.

1976లో కాన్‌రైల్ రావడంతో ఉప్పు రైల్వే పరిస్థితి తలకిందులైంది. ఐదుగురు పొరుగువాళ్లలో నలుగురు ఒక్కరైపోయారు. న్యూయార్క్ సెంట్రల్, ఈరీ, లాకవానా, లీహై వ్యాలీ అన్నీ కాన్‌రైల్ కడుపులోకే వెళ్లాయి. బయట మిగిలింది ఒక్క పాత బఫెలో–రాచెస్టర్–పిట్స్‌బర్గ్ లైను. అది అప్పటికే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేలో భాగం, తర్వాత సీఎస్ఎక్స్ అనే పెద్ద రైల్వేది అయింది. సరిగ్గా ఈ సమయంలో, 1977లో, స్థాపకుడి వంశీకుడే అయిన మూడో మార్టిమర్ ఫుల్లర్ కంపెనీ పగ్గాలు కొనుక్కున్నాడు. ఆయనకు దక్కినవి 14 మైళ్ల పట్టాలు, దాదాపు మొత్తం రాబడినీ ఇచ్చే ఒకే ఒక్క ఖాతాదారు. ఆ ఖాతాదారు వ్యాపారం కూడా శీతాకాలపు మంచు మీద ఆధారపడింది. రోడ్ల మీద పడ్డ మంచును కరిగించడానికి మునిసిపాలిటీలు కొనే ఉప్పే రెట్‌సాఫ్‌కు ప్రాణం. మంచు తక్కువ పడితే రైల్వేకు రాబడి పడిపోతుంది.

1970ల్లో ఒక దశలో దేశంలోని రైలు మార్గాల్లో ఐదో వంతు దివాలా కంపెనీల చేతుల్లో ఉండేది. రైల్వేల కిరాయిలను 1887 నుంచీ కమిషన్ నియంత్రిస్తూ వచ్చింది. 1980 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ స్టాగర్స్ చట్టం మీద సంతకం చేశాడు. వెస్ట్ వర్జీనియా ప్రతినిధి హార్లీ స్టాగర్స్ పేరు దానికి పెట్టారు. రైల్వేలు ఇక కిరాయిలు తామే చాలావరకు నిర్ణయించుకోవచ్చు, ఖాతాదారులతో విడిగా ఒప్పందాలు రాసుకోవచ్చు, అక్కర్లేని లైన్లను త్వరగా వదిలించుకోవచ్చు. మూసేయడమొక్కటే దారి కానక్కర్లేదు, అమ్మనూవచ్చు. పెద్ద రైల్వేలు అమ్మకాలకు దిగాయి.

పెద్ద కంపెనీ నష్టపోయిన లైను మీద చిన్న కంపెనీ ఎలా లాభపడుతుంది? మంత్రమేమీ లేదు. పెద్ద రైల్వేలో అప్పట్లో ఒక స్థానిక గూడ్సు బండికి నలుగురు, ఒక్కోసారి ఐదుగురు సిబ్బంది ఉండేవారు. వంద మైళ్లు నడిస్తే ఒక రోజు కూలి అన్నది ఆవిరి ఇంజన్ల నాటి లెక్క. ఇరవై మైళ్ల బ్రాంచికి వెళ్లివచ్చినా రోజంతా కూలి ఇవ్వాలి. డ్రైవరు డ్రైవరు పనే చేయాలి, పట్టాలు చూసేవాడు పట్టాలే చూడాలి. చిన్న కంపెనీలో ఇద్దరు బండి తీసుకెళతారు. పొద్దున ఇంజను నడిపినవాడు మధ్యాహ్నం స్లీపరు మార్చే పనిలో చెయ్యి వేస్తాడు. మిల్లు యజమాని ఫోను చేస్తే, వ్యాగన్ ఏ రోజు వస్తుందో చెప్పగలిగే మనిషి ఫోను ఎత్తుతాడు. ఈ చివరిది చాలా పెద్ద మాట. ఒక వ్యాగన్ మూడు నాలుగు లారీల సరుకు మోస్తుంది. అది ఎప్పుడొస్తుందో తెలిస్తే మిల్లువాడు లారీ జోలికి పోడు.

పెద్ద రైల్వేకు కూడా ఇందులో నష్టం లేదు. లేక్‌విల్‌కు వచ్చే వ్యాగన్ ఎక్కడో అయోవాలో నిండుతుంది. ఆ వెయ్యి మైళ్ల కిరాయి పెద్ద రైల్వేకే వెళుతుంది. చివరి పది మైళ్లు తోసినందుకు చిన్న రైల్వేకు వ్యాగనుకు ఇంత అని ముడుతుంది. అంటే ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ ఉన్న ముక్కను అమ్మేసి, రాబడి ఎక్కువ ఉన్న ముక్కను పెద్ద రైల్వే తన దగ్గరే ఉంచుకుంది. మైలుకు ఏడాదికి సుమారు వంద వ్యాగన్లు వస్తేనే చిన్న రైల్వే నిలుస్తుందని ఆ వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. చాలా లైన్లకు అంత రాదు. ధర కూడా తరచు ఇనుము తుక్కు విలువ దగ్గరే తెగేది. పట్టాలు పీకి తూకానికి అమ్మితే ఎంత వస్తుందో అంతకు కొనేవాళ్లు. కొనేవాడు రైలు నడపడానికి కొంటున్నాడా, పీకడానికి కొంటున్నాడా అన్న అనుమానం ఊరివాళ్లకు ఊరికే రాలేదు.

ఫుల్లర్ నడపడానికే కొన్నాడు. 1986లో సీఎస్ఎక్స్ నుంచి రాచెస్టర్ వైపు పాత లైనును తీసుకుని రాచెస్టర్ అండ్ సదరన్ అని పేరు పెట్టాడు. 1988లో బఫెలో నుంచి పిట్స్‌బర్గ్ వైపు వెళ్లే మిగతా లైన్లను తీసుకుని బఫెలో అండ్ పిట్స్‌బర్గ్ నెలకొల్పాడు. మూడు వందల మైళ్లకు పైబడిన వ్యవస్థ అది. ఈ రెంటినీ కలిపి చూస్తే, ఆయన చేసిన పని తేటపడుతుంది. 1976లో మిగిలిన ఆ ఒక్క పొరుగు లైను కూడా మూతపడితే ఉప్పు రైల్వే కాన్‌రైల్ దయాదాక్షిణ్యాల మీద పడిపోయేది. ఆ పొరుగువాణ్నే ఆయన కొనేశాడు. దీన్ని సాహసం అనుకోవచ్చు కానీ, నాకు ఇది గత్యంతరం లేని తెలివిలా కనిపిస్తుంది.

ఈ కథలో ఇంకో పక్క కూడా ఉంది. షార్ట్‌లైన్లను, అంటే ఈ చిన్న రైల్వేలను, మెచ్చుకునేవాళ్లు దాన్ని దాటేస్తుంటారు. అమెరికాలో రెండు రైల్వేలు విలీనమైతే, ఉద్యోగం పోయినవాడికి ఆరేళ్ల వరకు జీతం భద్రత ఇవ్వాలన్న నియమం ఉండేది. 1985లో కమిషన్ ఒక మినహాయింపు తెచ్చింది. అప్పటిదాకా రైల్వే కాని కొత్త కంపెనీ లైనును కొంటే ఆ భద్రత ఇవ్వక్కర్లేదు. చాలా అమ్మకాల వెనుక ఉన్న అసలు ఆదా ఇదే. పాత యూనియన్ ఒప్పందం లైనుతో పాటు రాదు. కొత్త యజమాని పాతవాళ్లలో కొందరినే, తక్కువ కూలికి పెట్టుకోవచ్చు. పిట్స్‌బర్గ్ అండ్ లేక్ ఈరీ రైల్వే 1987లో తన ఆస్తులను ఇలాంటి కొత్త కంపెనీకి అమ్మబోతే కార్మికులు సమ్మె కట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అమ్మాలన్న నిర్ణయం మీద యూనియన్లతో బేరమాడాల్సిన బాధ్యత కంపెనీకి లేదని 1989లో కోర్టు తేల్చింది. లైన్లు బతికాయన్నది నిజం. అవి ఎవరి కూలిలో కోతతో బతికాయన్నది కూడా అంతే నిజం.

ఇక 1994 మార్చి 12. తెల్లవారుజామున ఆరు కాకముందే లివింగ్‌స్టన్ కౌంటీ కంపించింది. భూకంప యంత్రాలు 3.6 తీవ్రత నమోదు చేశాయి. అది మామూలు భూకంపం కాదు. రెట్‌సాఫ్ గనిలో ఒక చోట, సుమారు 500 అడుగుల పొడవు, అంతే వెడల్పున పైకప్పు కూలింది. కొంతకాలంగా ఆ భాగంలో పాత పద్ధతి మార్చి, ఉప్పు స్తంభాలను సన్నగా వదులుతూ తవ్వుతున్నారు. పైనున్న భూగర్భ జలాలకు ఆ పగుళ్లు దారి ఇచ్చాయి. నీరు నిమిషానికి వేల గ్యాలన్ల చొప్పున గనిలోకి దూకింది. ఉప్పు గనిలోకి మంచినీళ్లు వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆ నీరు స్తంభాలనే కరిగించుకుంటూ పోయింది. ఏప్రిల్‌లో పక్క భాగమూ కూలింది. పైన పొలాల్లో వందల అడుగుల వెడల్పున గుంటలు పడ్డాయి. 20ఏ రహదారి మీది వంతెన కుంగిపోయింది. చుట్టుపక్కల ఊళ్లలో బావులు ఎండాయి. పంపులు పెట్టారు, సిమెంటు పోశారు, ఏదీ నీటిని ఆపలేకపోయింది. 1995 చివరికల్లా పది చదరపు మైళ్ల గని నీళ్లతో నిండిపోయింది. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ ఉప్పు తీసిన గని అది. కూలిన వేళ ప్రాణనష్టం జరగలేదన్నది ఒక్కటే ఊరట. మూడు వందల మందికి పైగా పని పోయింది.

పదిహేడేళ్ల ముందు ఇదే జరిగి ఉంటే జెనెసీ అండ్ వయోమింగ్ ఆ వారమే మూతపడేది. 1994 నాటికి దానికి లూసియానాలో ఒక రైల్వే ఉంది, ఆరెగన్‌లో మరొకటి ఉంది, పెన్సిల్వేనియాలో బొగ్గు, కాగితం మోసే లైన్లు ఉన్నాయి. 14 మైళ్ల లైను మీద గడ్డి మొలిచింది కానీ కంపెనీ కదల్లేదు. గని కూలిన రెండేళ్లకే, 1996లో, అది షేరు మార్కెట్టులోకి వెళ్లింది. 1997లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ప్రభుత్వ గూడ్సు లైన్లు కొంది. 2012లో రైల్‌అమెరికా అనే మరో చిన్న రైల్వేల గుంపును 139 కోట్ల డాలర్లకు, 2015లో బ్రిటన్‌లో ఫ్రైట్‌లైనర్ అనే గూడ్సు రైళ్ల కంపెనీని కొంది. ఆ జాబితా మొత్తం చెబితే ఈ సంచిక చాలదు, చదివేవారికి ఒరిగేదీ లేదు. 2019 చివరికి 120 దాకా రైల్వేలున్న ఆ కంపెనీని బ్రూక్‌ఫీల్డ్ అనే కెనడా పెట్టుబడి సంస్థ, సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీ కలిసి, అప్పులతో సహా 840 కోట్ల డాలర్లకు కొన్నాయి.

జెనెసీ లోయలో ఉప్పు మాత్రం అయిపోలేదు. స్థానిక పెట్టుబడిదారులు 1997లో అమెరికన్ రాక్ సాల్ట్ పెట్టి, కొద్ది మైళ్ల దూరంలో హాంప్టన్ కార్నర్స్ దగ్గర కొత్త గని తవ్వారు. ఆ ఉప్పు మళ్లీ రైలెక్కింది. 2003లో అసలు 14 మైళ్ల రైల్వే కంపెనీని రాచెస్టర్ అండ్ సదరన్‌లో కలిపేశారు.

రెండో రైల్వే ఏం చేస్తోందని అడుగుతారేమో. అది నెమ్మదిగా తన జంక్షన్ల లెక్క చూసుకుంది. ఏవన్ దగ్గర కాన్‌రైల్‌కు వ్యాగన్లు అప్పగించడమే దాని పని. మధ్యలో ఏవన్ నుంచి రాచెస్టర్ దాకా ఉన్న లైనును కాన్‌రైల్ ఎప్పుడు మూసేస్తుందో తెలియదు. ఈరీ రైల్వే 1907లోనే విద్యుత్ రైళ్లు నడిపిన లైను అది. 1996లో ఊరి రైల్వే దాన్నీ కొని నేరుగా రాచెస్టర్ చేరింది. తర్వాత బరిల్లా అనే ఇటలీ పాస్తా కంపెనీ ఏవన్‌లో ఫ్యాక్టరీ కట్టింది. దాని ముడిసరుకు వ్యాగన్లు ఈ లైను మీదే వస్తాయి. 2001లో దీని అనుబంధ సంస్థ వెస్టర్న్ న్యూయార్క్ అండ్ పెన్సిల్వేనియా, పదేళ్లుగా రైలు నడవని పాత ఈరీ మెయిన్ లైను మీద మళ్లీ బండ్లు తిప్పడం మొదలుపెట్టింది. ఆ పట్టాలు కంపెనీవి కావు, కౌంటీలు కలిసి పెట్టుకున్న ప్రభుత్వ సంస్థవి. ఆస్తిపన్ను బెడద తప్పించే ఉపాయం అది.

రైలంటే ప్రాణమిచ్చే మన పాఠకులకు ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. ఈ ఊరి రైల్వే ఆల్కో ఇంజన్లనే పట్టుకుని వేలాడింది. ఆల్కో న్యూయార్క్ రాష్ట్రంలోనే, షెనెక్టడీలో ఉండిన కంపెనీ. 1969లోనే ఇంజన్ల తయారీ ఆపేసింది. మన డబ్ల్యూడీఎం-2 ఆ ఆల్కో నమూనాయే. 1962లో మొదట అక్కడినుంచి దిగుమతై, 1964 నుంచి వారణాసిలో తయారైంది. కాజీపేట, గుత్తి షెడ్లలో దశాబ్దాలపాటు నల్లటి పొగ చిమ్మిన ఇంజన్ల దాయాదులే ఏవన్‌కు పాస్తా ముడిసరుకు లాగాయన్నమాట.

జంక్షన్ల బలం అందరికీ దక్కలేదు. 1980లు, 90ల్లో లైన్లు అమ్మిన, అద్దెకిచ్చిన పెద్ద రైల్వేలు చాలాచోట్ల ఒప్పందంలోనే ఒక మెలిక పెట్టాయి. చిన్న రైల్వే పట్టాలు పోటీ రైల్వేను తాకుతున్నా, వ్యాగన్లు మాత్రం అమ్మినవాడికే అప్పగించాలి. వేరేవాడికి ఇస్తే జరిమానా, లేదా అద్దె పెరుగుదల. పటం మీద రెండు జంక్షన్లు కనిపిస్తాయి, వాడుకలో ఒక్కటే. ఈ షరతుల మీద దావాలు, విచారణలు ఏళ్ల తరబడి సాగాయి.

ఇంకో చిక్కు బరువు. 1990ల్లో పెద్ద రైల్వేలు 2,63,000 పౌండ్ల వ్యాగన్ల నుంచి 2,86,000 పౌండ్ల వ్యాగన్లకు మారాయి. వందేళ్ల కిందటి సన్నని పట్టాలు, కొయ్య వంతెనలు ఉన్న బ్రాంచి వాటిని మోయలేదు. బరువు తగ్గించి నింపితే మిల్లువాడికి నష్టం, పట్టాలు మారిస్తే రైల్వేకు భారం. అందుకే 2004లో కాంగ్రెసు, చిన్న రైల్వేలు పట్టాల మీద పెట్టే ప్రతి డాలరులో సగాన్ని, మైలుకు 3,500 డాలర్ల పరిమితిలో, పన్ను నుంచి మినహాయించుకునే వీలు ఇచ్చింది. ఏడాదీ రెండేళ్లకోసారి గడువు తీరుతూ, పొడిగిస్తూ వచ్చిన ఆ వీలును 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు, వాటాను మాత్రం సగం నుంచి 40 శాతానికి తగ్గించారు. దేశంలో ఇప్పుడు ఆరు వందల దాకా చిన్న రైల్వేలున్నాయి. రైలు మార్గాల్లో దాదాపు 30 శాతం వాటి చేతుల్లోనే ఉంది. వాటి వ్యాగన్లు చివరికి వెళ్లి చేరాల్సిన పెద్ద రైల్వేలు మాత్రం తగ్గుతూ వచ్చాయి. 1999లో కాన్‌రైల్‌ను కూడా సీఎస్ఎక్స్, నార్ఫోక్ సదరన్ పంచుకున్నాయి. ఆ పంపకం వచ్చేవారం.

(సశేషం)